పెదవులు లేని పిలుపు

మిట్ట మధ్యాహ్నం!

నీడ కాళ్ళ కిందికి వెళ్ళి దాక్కునే వేళ... అర్ధరాత్రికి భయపడే మనుషులు ఈ వేళకి భయపడటం ఎప్పుడో మరిచిపోయారు. క్షుద్రశక్తులు మాత్రం మరిచిపోలేదు! నీడలేని మనిషి తలుపులు తీసిపెట్టిన ఇల్లులాంటివాడని వాటికి బాగా తెలుసు.

నిప్పులు చెరిగే ఎండలో సముద్రం కరిగిన సీసంలా కదలక పడి ఉంది. ఒడ్డున ఒక చిన్న ఊరు. సున్నం కొట్టిన గోడలు, నీలం తలుపులు, కిటికీల్లో పూలకుండీలు, ఇసుకలో బోర్లించిన పడవలు. బొమ్మల పుస్తకంలోంచి కత్తిరించి అక్కడ అతికించినట్టుంది. ఆ ఊరి చివరి పెంకుటింటి చూరు మీద, పట్టపగలు, ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది. దాని కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి...

సరిగ్గా అప్పుడే నేతమిల్లు బస్సు ఊళ్ళోకి వచ్చి ఆగింది.

యంత్రాలకి నూనె పెట్టి బాగుచేసుకోవడానికి మిల్లు మూసిన రోజది. పనివాళ్ళంతా కలిసి సముద్రం చూడటానికి బయల్దేరారు.

"దిగండి, దిగండి! పొద్దు గూకేసరికి అందరూ బస్సులో ఉండాలి. రానివాళ్ళు చేపలతో కాపరం పెట్టుకోండి!" అన్నాడు డ్రైవరు.

"నీతో ప్రయాణం కంటే చేపలతో కాపరమే నయం బాబాయ్! అవి హారన్ కొట్టి చంపవు," అంది వెనక సీట్లోంచి ఒక అమ్మాయి. బస్సంతా ఘొల్లుమంది.

ఆ అమ్మాయిని మిల్లులో అందరూ 'రాట్నం' అంటారు. నోరు తిరగడం మొదలుపెడితే ఆగదు గనక. పక్కన కూర్చున్నది ఆమె తల్లి. అందరికీ పెద్దక్క. బతుకంతా మగ్గాల మధ్య నిలబడి, రెండు చెవులూ ఆ మిల్లుకే ధారపోసిన మనిషి. పక్కన పిడుగు పడినా ఆమెకి వినపడదు. మగ్గాలు ఆడేచోట ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి, ఆ మిల్లు ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. వేళ్ళతో కబుర్లు చెప్పుకుంటారు. తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకుంటారు. ఇక ఫోను మోగినా, ఎవరైనా తలుపు తట్టినా, వీధిలోంచి "పెద్దక్కా" అని కేక వేసినా, "ఆఁ!" అని పలికేది కూతురే. చిన్నప్పటినుంచీ ఆ తల్లికి చెవులు ఆ పిల్లే.

ఆ పిల్లకి ఒక అన్న ఉండేవాడు. ఓడలో పనికి కుదిరాడు. వెళ్ళేరోజు గుమ్మంలో నిలబడి "అమ్మా" అని పిలిచాడు. తల్లి పొయ్యి వైపు తిరిగి ఉంది. వినపడలేదు, వెనక్కి తిరగలేదు. వాడు పిలిచాడని తరవాత వీధిలోవాళ్ళు చెబితేనే తెలిసింది. ఆ తరవాత ఓడా తిరిగి రాలేదు... ఆ రోజు నుంచీ పెద్దక్క ఎక్కడా గుమ్మానికి వీపుపెట్టి కూర్చోదు. బస్సులో కూడా తలుపు కనపడే సీటే వెతుక్కుంటుంది.

"అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అనుకున్నారు దిగినవాళ్ళందరూ. నిజమే. వీధుల్లో అరుపుల్లేవు, బేరాల్లేవు, తిట్లు కూడా లేవు! పిల్లలు పరుగులు పెడుతున్నారు. ప్రతి పిల్ల మెడలోనూ ఒక చిన్న ఇత్తడి గంట. పిల్లలు ఎటు పోయిందీ గంట చప్పుడుని బట్టి పోల్చుకుంటున్నారు తల్లులు. ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయారు మిల్లువాళ్ళు. ఆ తల్లులు పిల్లల్ని పేరుపెట్టి ఎందుకు పిలవరని ఒక్కరికీ తట్టలేదు...

"ఈ ఊళ్ళో నోళ్ళు అద్దెకిచ్చారా ఏంటి? నన్నిక్కడ ఒక్క పూట ఉంచితే ఊపిరాడక చస్తాను," అంది రాట్నం.

పెద్దక్క కూతురి పెదవులు చూసి, ఆ నోటి మీద చిన్న దెబ్బ వేసింది.

'చావు మాటలు ఎందుకే?' అన్నాయి ఆమె వేళ్ళు.

వలకి పడ్డ చిరుగులు బాగుచేస్తున్న ఒక ఆడమనిషి వాళ్ళని చూసి గబుక్కున లేచింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు! రెండు చేతులూ ఊపింది. పొమ్మంటోందో, రమ్మంటోందో తెలియలేదు. ఎండకి తలతిరిగింది కాబోలు అనుకుని ఇద్దరూ ముందుకి సాగిపోయారు.

వీధి చివర ఆ పెంకుటిల్లు. గుడ్లగూబ కూర్చున్న ఇల్లు! ముందుగదిలో గవ్వల దుకాణం. గోడలనిండా గవ్వలు అతికించిన అద్దాలు. అరలనిండా శంఖాలు... తెల్లవి, గులాబీవి, పులిచారలవి. వాటి మధ్య దుకాణదారుడు. తెల్లని బట్టలు, నున్నగా దువ్విన జుట్టు, తేనెలాంటి నవ్వు. ముఖం చూస్తే యాభై ఏళ్ళుంటాయి. చేతులు మాత్రం ఎండి పగిలిన చెట్టు వేళ్ళలా ఉన్నాయి. మనిషి వయసు దాచుకున్నా చేతులు దాచవు!

అతను మాంత్రికుడు. గొంతులు దొంగిలించే మాంత్రికుడు! ఒక్కో శంఖంలో ఒక్కో మనిషి గొంతు. ఒక్కో గొంతుకి తన ఆయుష్షులో కొన్నేళ్ళు అదనం. ఊరంతా అయిపోయింది. ఇప్పుడు సముద్రం చూడవచ్చే బాటసారుల వంతు. వెనకగదిలో, చీకట్లో, అతని ఆరాధ్యవస్తువు ఉంది. ఒక పుర్రె! అది అతని కన్నతల్లిది. అతను దొంగిలించిన మొదటి గొంతు ఆమెదే. ఎవరి గుండెలో తీరని వీడ్కోలు ఉంటుందో వాళ్ళని, దూరమైన వాళ్ళ గొంతుతో ఆ పుర్రె పిలుస్తుంది. ముమ్మారు పిలుస్తుంది. ముమ్మారూ పలికారా... ఇక ఆ గొంతు శంఖంలోకే!

గుమ్మంలో నిలబడ్డ ముసలామె కళ్ళు చూడగానే మాంత్రికుడికి లాలాజలం ఊరింది. అంత పెద్ద వీడ్కోలుని మోస్తున్న మనిషిని అతను ఈమధ్య చూడలేదు.

"రండమ్మా, ఇది చెవి దగ్గర పెట్టుకోండి. సముద్రం మాట్లాడుతుంది," అని ఒక తెల్లని శంఖం ఆమె చేతిలో పెట్టాడు.

పెద్దక్క ఫోను మోగితే ఏం చేస్తుందో అదే చేసింది. శంఖాన్ని కూతురికి అందించింది.

'నువ్వు విని చెప్పు.'

వెనకగదిలో పుర్రె దవడ కదిలింది...

"అమ్మా!"

రాట్నం శంఖాన్ని చెవికి అదుముకుంది. అది అన్న గొంతు! గుమ్మంలో నిలబడి పిలిచిన అదే గొంతు! ఆలోచించే వ్యవధి ఎక్కడిది? పుట్టి బుద్ధెరిగిననాటి అలవాటు పలికేసింది.

"ఆఁ!"

"అమ్మా!"

"ఆఁ, అన్నా!"

"అమ్మా...!"

"వస్తున్నా...!"

మబ్బు తునక లేని ఆకాశంలో ఫెళఫెళమని ఉరిమింది! చూరు మీద గుడ్లగూబ రెక్కలు టపటపలాడించి వికృతంగా అరిచింది! శంఖం జారి నేలమీద దొర్లింది. రాట్నం వెనక్కి విరుచుకుపడింది. ఆమె నోరు తెరుచుకుంది. ఆ నోట్లోంచి వచ్చింది ఆమె గొంతు కాదు... ఒక మగవాడిది, ఒక ముసలిదానిది, ఒక పసిపిల్లది, పదిమంది గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చాయి.

"హహ్హహ్హా! ఎవర్రా అక్కడ? దగ్గరికొస్తే పీక కొరికేస్తా!"

అరుపులు విని మిల్లువాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నలుగురు మగవాళ్ళు పట్టుకున్నా ఆ అమ్మాయి ఆగలేదు. ఒకడి చెంప రక్కింది, ఇంకొకడి చెయ్యి కొరికింది. ఎలాగో చేతులు తాళ్ళతో కట్టి బస్సులోకి చేర్చారు. "పట్నం ఆసుపత్రికి పోదాం పదండి," అంటూ డ్రైవరు బండిని ఉరికించాడు. బస్సు ఊరి పొలిమేర దాటిందో లేదో, రాట్నం ఒళ్ళు చల్లబడిపోయింది. ఊపిరి ఆగిపోయింది! పెదవులు నల్లబడ్డాయి!

"వెనక్కి! వెనక్కి తిప్పవయ్యా బాబూ!" అని గుండెలు బాదుకున్నారు ఆడవాళ్ళు.

పొలిమేర లోపలికి రాగానే మళ్ళీ ఊపిరి అందుకుంది. డ్రైవరు పట్టుదల మనిషి. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చేశాడు.

"పెద్దక్కా, నావల్ల కాదక్కా. ప్రాణం ఇక్కడ కట్టేసి ఉంటే మనిషిని ఎక్కడికి తీసుకుపోను?"

పెద్దక్క అతని పెదవుల వైపు చూడటం లేదు. కూతురి చేతుల వైపు చూస్తోంది.

నోరు బూతులు తిడుతోంది. పళ్ళు పటపట కొరుకుతోంది. కానీ తాళ్ళతో కట్టిన ఆ చేతుల చివర వేళ్ళు... కదులుతున్నాయి! మిల్లు భాషలో, మెల్లగా మాట్లాడుతున్నాయి!

'అమ్మా. నేను లోపలే ఉన్నాను. గొంతు వాడి దగ్గరుంది. వెనకగదిలో పుర్రె ఉంది. పిలిచింది నిన్ను. నీ బదులు నేను పలికాను.'

పెద్దక్క ఆ వేళ్ళ మాట చదివింది. శంఖం ఇచ్చింది ఎవరు? తనే! తన చేత్తోనే! కొడుకు పిలిస్తే వినపడలేదు. కూతుర్ని తన చేత్తోనే శంఖానికి అప్పగించింది. ఇక మిగిలిందేముంది? బస్సు దిగి పిచ్చిదానిలా ఆ పెంకుటింటి వైపు పరుగెత్తింది. కాళ్ళు ఇసుకలో కూరుకుపోతున్నాయి. సూర్యుడు సముద్రం వైపు జారిపోతున్నాడు...

మాంత్రికుడు ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు.

"నా బిడ్డని ఇచ్చెయ్యి," అంది పెద్దక్క. ఏళ్ళ తరబడి తన గొంతు తనే వినని మనిషి. ఆ మాట ఎత్తూ పల్లమూ లేకుండా, తుప్పు పట్టిన గడియలా కీచుమంది.

"ఇచ్చేస్తానమ్మా. దానితో నాకేం పని? లోపలికి రండి. మీ అబ్బాయి పిలుస్తాడు. పలకండి, చాలు. ఆ పిల్లని వదిలేస్తాను."

అబ్బాయి! ఆ ముఖంలోని తేనెనవ్వు వెనక ఏముందో ఆమె చూడలేదు. ఆ ఒక్క మాటే చూసింది. వెనకగదిలోకి నడిచింది.

గదినిండా ఉప్పువాసన. కుళ్ళిన పూలవాసన. నల్లటి పీట మీద, ఎర్రటి ముగ్గులో, కొవ్వొత్తుల మధ్య పుర్రె! దాని పళ్ళ మధ్య తెల్లని శంఖం! మాంత్రికుడు ఆమెకి వీపు తిప్పి దానిముందు మోకరిల్లాడు. "హ్రీం... క్రీం..." అని గొణగడం మొదలుపెట్టాడు. ఎంత గట్టిగా చెవి నిక్కించినా ఎవరికీ వినపడనంత చిన్నగా!

ఎదుటి గోడకి గవ్వలు అతికించిన అద్దం వేలాడుతోంది. కొవ్వొత్తి వెలుగులో అతని పెదవులు ఆ అద్దంలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. గొణుగుడు, అరుపు... పెద్దక్కకి రెండూ ఒకటే. పెదవి కదిలితే చాలు!

"ఓ కపాలమా! పిలిచింది తల్లిని, పలికింది పిల్ల. కట్టు సగమే పడింది. అందుకే ఆ పిల్ల నోట్లో మిగతా గొంతులన్నీ చొరబడ్డాయి. సూర్యుడు మునిగేలోగా ఈ ముసలిదాని నోటే బదులు రావాలి. రాకపోతే... ఆ పిలుపు పంపినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. నా దగ్గరికే! ముమ్మారు పిలువు తల్లీ, ముమ్మారు పిలువు..."

పెద్దక్క అద్దంలో ప్రతి మాటా పట్టేసింది. పలకకూడదు! అంతే కదా? ఎంత తేలిక! వినపడని మనిషికి పలకకుండా ఉండటం ఒక లెక్కా?

పుర్రె దవడ తెరుచుకుంది.

"అమ్మా!"

ఆమె చూసింది. పళ్ళు కదిలాయి. ఎముక కదిలింది. పుర్రెకి పెదవులు లేవు! పోల్చుకోవడానికి ఏమీ లేదు!

మాంత్రికుడు గిరుక్కున తిరిగాడు. "విన్నారా? మీ అబ్బాయి! పలకండి!"

ఆమె పలకలేదు. అతని నవ్వు సగం రాలిపోయింది.

తలుపు భళ్ళున బద్దలైంది! కట్లు తెంచుకున్న రాట్నం జుట్టు విరబోసుకుని, నిప్పుకణికల్లాంటి కళ్ళతో లోపలికి దూసుకొచ్చింది. వెనకే డ్రైవరు, గుమ్మం దాటలేక, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"పలకవే ముసలిదానా! పలకకపోతే నీ కూతురి పేగులు తీసి మెళ్ళో వేసుకుంటా!" అని గాండ్రించింది ఆ నోరు.

'పలకొద్దమ్మా. నేనేమైనా సరే, పలకొద్దు,' అన్నాయి ఆ చేతులు.

ఒక్క మనిషిలోనే ఇద్దరు! నోరు తల్లి పీక పట్టుకోమంటోంది. చేతులు తల్లి పీక దాకా వచ్చి, అక్కడ ఆగి, గిలగిల్లాడుతూ, ఆమె చెంప నిమురుతున్నాయి...

"అమ్మా!"

రెండో పిలుపు. కొవ్వొత్తుల మంటలు నీలంగా మారాయి. అరల్లోని శంఖాలన్నీ ఒక్కసారిగా మూలిగాయి. రాట్నం ముక్కులోంచి నెత్తురు కారింది.

మాంత్రికుడు పెద్దక్క భుజాలు పట్టుకుని కుదిపాడు. "రాయివా నువ్వు? కన్నకొడుకు పిలుస్తుంటే కరగవా? ఆ రోజు కూడా ఇలాగే పలకలేదు కదా! వాడు నీళ్ళలో మునుగుతూ ఏమనుకున్నాడో తెలుసా? అమ్మకి నామీద కోపమొచ్చింది, అందుకే పలకలేదు అనుకున్నాడు!"

ప్రతి మాటా ఆమె చూసింది. ప్రతి మాటా గుచ్చుకుంది. కళ్ళు మూసుకుంది.

కళ్ళు మూసుకోవడమే పొరపాటైంది!

కళ్ళు మూసుకున్నప్పుడు మగ్గాల పనివాళ్ళకి పాదాలే చెవులు. మగ్గం ఆగిందో ఆడుతోందో నేల చెబుతుంది. మూడో పిలుపు ఆ చెక్కనేల గుండా ఆమె అరికాళ్ళలోకి పాకింది. రెండు అదుర్లు. ఒకటి చిన్నది, ఒకటి పొడుగుది. అమ్... మా...! కడుపులో ఉన్నప్పుడు వాడు కాలితో తన్నినట్టు! ఏళ్ళ నిశ్శబ్దాన్ని చీల్చుకుని, కొడుకు ఆమెని చేరాడు! ఒక్క 'ఆఁ'... ఒక్క 'నాన్నా'... గొంతులోంచి ఎగదన్నుకుని నాలుక మీదికి వచ్చేసింది. పెదవులు విడివడ్డాయి...

కూతురి వేళ్ళు ఆమె చేతిని వెతికి పట్టుకున్నాయి. పట్టు జారిపోతోంది. చల్లబడిపోతోంది.

పెద్దక్క తన చేతిని తన నోట్లోనే కుక్కుకుంది. నెత్తురు వచ్చేదాకా కొరికింది. మాట లోపలే విరిగిపోయింది.

కిటికీలో సూర్యుడి చివరి అంచు సముద్రంలో మునిగిపోయింది.

పుర్రె మెల్లగా, పీట మీద కిర్రుమంటూ, తిరిగింది. పెద్దక్క వైపు నుంచి... మాంత్రికుడి వైపు!

"వద్దు! నేను కాదు! నేను నీ యజమానిని! హ్రీం... క్రీం..."

మంత్రం నోటికి రాలేదు. పుర్రె నోట్లోంచి శంఖం ఊడి కిందపడి ముక్కలైంది. శంఖంలేని ఆ నోటి నుంచి, అరువు తెచ్చుకున్నది కాని ఒక గొంతు వచ్చింది. బలహీనమైన గొంతు. మెత్తటి గొంతు.

"చిన్నోడా... ఎక్కడున్నావురా? అన్నం చల్లారిపోతోంది. రా నాన్నా..."

మంత్రించడానికి గుప్పిట పట్టిన విభూది మాంత్రికుడి చేతుల్లోంచి రాలిపోయింది. పలికితే చావని అతనికంటే బాగా ఎవరికి తెలుసు! రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. చెవులు మూసుకోవడానికి ఇంకో రెండు చేతుల్లేవు.

"చిన్నోడా..."

వేళ్ళ సందుల్లోంచి మూలుగు తన్నుకొచ్చింది. "ఊఁ..."

"ఆకలెయ్యట్లేదట్రా?"

నోటికి అడ్డంపెట్టిన చేతులు వాటంతటవే జారిపోయాయి. ఆ ముడతలన్నీ ఒక్క క్షణం పసివాడి బుగ్గలైపోయాయి.

"ఆఁ... వేస్తోందమ్మా..."

"మరి రా."

"వస్తున్నానమ్మా!"

మూడోసారి పలికాడు. అంతే! ఉరుము ఇంటి నడినెత్తిన పేలింది! దొంగిలించిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా అతని మీదికి విరుచుకుపడ్డాయి. చర్మం కాగితంలా చిరిగింది. ఎముకలు ఉప్పుగడ్డల్లా కరిగాయి. తెల్లని బట్టలు ఖాళీగా నేలమీద కూలబడ్డాయి. పక్కనే పుర్రె కూడా పొడిపొడిగా రాలి ఆ బట్టల్లో కలిసిపోయింది... ఒడిలో పెట్టుకున్నట్టుగా.

అరల్లో శంఖాలు పటపటా పగిలాయి. గొంతులు తేనెటీగల్లా లేచి కిటికీల్లోంచి ఊరిమీదికి ఎగిరిపోయాయి.

వీధిలో ఒక తల్లి తన పిల్లని పేరుపెట్టి పిలిచింది. ఆ పిల్ల ఆగి అటూ ఇటూ చూసింది. అమ్మ గొంతు ఎలా ఉంటుందో దానికి తెలియదు మరి! మెడలో గంట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తల్లి మళ్ళీ పిలిచింది... మళ్ళీ, మళ్ళీ, ఏడుస్తూ...

బస్సు బయల్దేరింది. పొలిమేర దాటింది. రాట్నం ఊపిరి ఆగలేదు. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి, వెనక్కి చూసి, తీసేశాడు.

"కొట్టు బాబాయ్. ఇవాళ్టికి ఏమీ అనను," అంది రాట్నం బొంగురుపోయిన సొంత గొంతుతో. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

పెద్దక్క గుడ్డ చుట్టిన చేతిని మెల్లగా కదిపింది.

'వాడి గొంతు విన్నావు కదా. ఎలా ఉంది?'

'అలాగే ఉందమ్మా.'

'నేను పలకలేదు. ఈసారి కూడా.'

రాట్నం మెల్లగా వేళ్ళు ఎత్తింది. ఇన్నేళ్ళూ అరక్షణం ఆగని నోటితో కూడా చెప్పలేని మాట అది.

'ఆ రోజు గుమ్మంలో పిలిచినప్పుడు నేను పలికానమ్మా, నీ బదులు. వెళ్ళి తొందరగా రా అన్నాను. నువ్వు పొయ్యి వైపు తిరిగున్నావు కదా, నువ్వు చెప్పమంటేనే చెప్పాననుకున్నాడు. నవ్వుకుంటూ వెళ్ళాడు. నీకు చెబితే తిడతావని...'

పెద్దక్క ఆ వేళ్ళు ఆగేదాకా చూసింది. తరవాత తలుపు వైపు నుంచి మొహం తిప్పుకుని, కిటికీ తలుపు పైకి లేపింది. చీకట్లో సముద్రం కనపడటం లేదు. చల్లటి గాలి మాత్రం వస్తోంది. ఆమె నోరు తెరిచింది. ఎత్తూ పల్లమూ లేని ఆ తుప్పుగొంతుతో, బస్సులో అందరూ ఉలిక్కిపడేలా, ఎవరూ పిలవకుండానే పలికింది.

"ఆఁ... నాన్నా...!"

గాలిలో ఏదో వినపడింది. కెరటమో, మరొకటో... రాట్నానికి వినపడింది. అలవాటు ప్రకారం పలకబోయి, పెదవి బిగపట్టుకుంది.

అది తనని పిలిచింది కాదు.